థాంప్సనా, ఎంపీ40నా, ఊజీనా, మ్యాకా? పాత సబ్‌మెషీన్ గన్ కొనేవాళ్లకు ఎంపిక సలహా

మొదట ఒక విషయం తేల్చుకోండి. మీకు కావలసింది చరిత్రా, లేక మీ ఇష్టానికి మార్చుకుని రేంజ్‌లో ముచ్చట తీర్చుకోవడమా? ఈ రెండూ ఒకే తుపాకీలో దొరకవు. ఈ సంగతి ముందే తేల్చుకోక థాంప్సన్ కొని దానికి కొత్త హంగులు దిద్దినవాళ్లున్నారు, చరిత్ర కావాలని మ్యాక్ కొని నిట్టూర్చినవాళ్లూ ఉన్నారు.

ఈ రాత అమెరికాలో ఉంటూ, చట్టప్రకారం మెషీన్ గన్ (పిస్టల్ తూటాలు వరసగా పేల్చే సబ్‌మెషీన్ గన్ కూడా చట్టం దృష్టిలో ఇదే) సొంతం చేసుకోగల అర్హత ఉన్నవాళ్ల కోసం. ఇండియాలో ఉన్నవాళ్లు ఆసక్తి కొద్దీ చదువుకోవడమే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ట్రిగ్గర్ నొక్కిపట్టినంతసేపూ పేలే తుపాకీ నిషిద్ధ ఆయుధం. జిల్లాలో ఇచ్చే మామూలు లైసెన్సుతో అది రాదు, సూట్‌కేసులో వేసుకుని తెచ్చుకునేదీ కాదు.

ఇంత ధర ఎందుకు?

మూడు సంవత్సరాలు గుర్తుపెట్టుకుంటే ఈ మార్కెట్ మొత్తం అర్థమవుతుంది. 1934లో వచ్చిన నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ మెషీన్ గన్ చేతులు మారిన ప్రతిసారీ 200 డాలర్ల పన్ను పెట్టింది. అప్పట్లో అది ఇంచుమించు ఒక థాంప్సన్ ధర. 1968 చట్టం విదేశీ మెషీన్ గన్‌లు మామూలు జనానికి దిగుమతి కాకుండా ఆపింది. ఆ ఏడాది చివర్లో, నవంబర్ 2 నుంచి నెల రోజులు, లెక్కలో లేనివి ఎవరి దగ్గరున్నా శిక్ష లేకుండా నమోదు చేసుకోవచ్చని అవకాశం ఇచ్చారు. ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. 1986 మే 19న వచ్చిన చట్టంతో కొత్త మెషీన్ గన్‌ల నమోదు పౌరులకు పూర్తిగా ఆగిపోయింది. అంతకుముందు నమోదై, పౌరులు కొనుక్కోగలిగిన వాటినే ఇక్కడ ట్రాన్స్‌ఫరబుల్ అంటారు. అవి పెరగవు. పాడైనవీ పోయినవీ పోగా తగ్గుతాయంతే.

అందుకే మీరు డబ్బు పెట్టేది ఇనుముకు కాదు, దాని మీద చెక్కిన నంబరుకూ ఆ నంబరున్న కాగితానికీ. హైదరాబాద్ నడిబొడ్డున పాత ఇల్లు కొంటే గోడలకెంత, స్థలానికెంత అని లెక్కేస్తాం కదా, ఇదీ అంతే. ఉత్త రేకు డబ్బాలా కనిపించే మ్యాక్ పది వేల డాలర్లు పలకడానికి కారణం ఇదే.

ఎవరు కొనవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎఫ్-1, హెచ్-1బీ, బీ-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో అందరికీ అందుబాటులో ఉండేది ఒకటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్. లాస్ వెగాస్ వెళ్లి రేంజ్‌లో థాంప్సన్ అద్దెకు తీసుకుని ఫొటో పెట్టే ముందు ఇది చూసుకోవాలి, ఎందుకంటే ఆ ఫొటో రేపు గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో టెన్షన్ అయి కూర్చోవచ్చు. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకూ పౌరులకూ ఫెడరల్ చట్టంలో ఈ అడ్డంకి లేదు. ఇక చూసుకోవలసింది రాష్ట్రం.

టెక్సస్, జార్జియా, అరిజోనాల్లో కొనవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్‌లలో సేకరణ కోసం ఆటోమేటిక్ తుపాకీ ఉంచుకోవడం ఆచరణలో కుదరదు. ఐటీ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఇది ముందే ఆలోచించాలి. డాలస్‌లో ఉండగా కొన్నారు, రెండేళ్లకు ఉద్యోగం న్యూజెర్సీకి మారింది, అప్పుడు తుపాకీ మీ వెంట రాదు. తుపాకీని అనుమతించే రాష్ట్రమైనా సరే, సరిహద్దు దాటించే ముందు తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కి ఫారం పెట్టి అనుమతి తెచ్చుకోవాలి.

ఇంట్లో మరో చిక్కు. మీరు పౌరులైనా, మీ భార్యో భర్తో ఇంకా వీసా మీద ఉంటే, లేదా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తే, బీరువా తాళంచెవి గానీ నంబరు గానీ వాళ్ల చేతికి అందకూడదు. అర్హత ఉన్న జీవిత భాగస్వామి విషయంలోనూ జాగ్రత్త అవసరమే. తుపాకీ మీ ఒక్కరి పేరు మీద ఉంటే, మీరు ఊళ్లో లేనప్పుడు వాళ్లు సేఫ్ తెరవగలగడం కూడా సమస్యే. అందుకే చాలామంది ట్రస్టు పెట్టి ఇద్దరి పేర్లూ అందులో చేరుస్తారు. నన్నడిగితే పెళ్లయినవాళ్లకు ట్రస్టే మేలు.

థాంప్సన్: అన్నిటికంటే ముందు అందరూ అడిగేది

థాంప్సన్ అని ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ, కొనేవాడికి అవి నాలుగు వేర్వేరు తుపాకులు.

ఆటో ఆర్డ్‌నెన్స్ కంపెనీ కోసం కోల్ట్ ఫ్యాక్టరీ 1921, 22లలో చేసిన 15,000 తుపాకులు మొదటి రకం. వీటి పనితనం వేరు. నల్లగా, లోతుగా మెరిసే బ్లూయింగ్ (ఇనుముకు పట్టించే పూత), వాల్‌నట్ కట్టె, గురి చూసుకోవడానికి లైమన్ సైటు, బ్యారెల్ మీద చల్లదనానికి రింగులు. ముందు కంపెన్సేటర్ (కాల్చేటప్పుడు గొట్టం పైకి లేవకుండా తగ్గించే భాగం) లేనిదాన్ని 1921ఏ అనీ, ఉన్నదాన్ని 1921ఏసీ అనీ అంటారు. వీటిలో కొన్నింటి కథ తుపాకీ ముఖ్య చట్రమైన రిసీవర్ ఎడమ పక్కనే చదువుకోవచ్చు. అమ్ముడుపోక మిగిలిన తుపాకులను నౌకాదళం కోసం కాస్త నెమ్మదిగా పేలేలా మార్చినప్పుడు, 1921 అన్న మోడల్ ముద్రలో చివరి 1 మీద 8 అంకెను గుద్ది 1928 చేశారు. దగ్గరగా చూస్తే ఆ 8 లోపల పాత 1 ఇంకా కనబడుతుంది. సేకర్తలు దీన్ని నేవీ ఓవర్‌స్టాంప్ అంటారు. ఆ ఒక్క అంకెను ఎవరైనా పాలిష్ చేసి నున్నగా చేస్తే ఏం పోతుందో చెప్పనక్కర్లేదు.

రెండో రకం యుద్ధకాలపు 1928ఏ1. నంబరు ముందు ఎస్ ఉంటే సావేజ్ కంపెనీది, ఏఓ ఉంటే బ్రిడ్జ్‌పోర్ట్‌లోని ఆటో ఆర్డ్‌నెన్స్‌ది. మూడోది ఎం1, ఎం1ఏ1. యుద్ధంలో ఖర్చు తగ్గించడానికి పాత డిజైన్‌లోని హెచ్ ఆకారపు కంచు లాక్ తీసేసి, తూటా వెనక ముందుకూ వెనక్కీ కదిలే ఇనుప దిమ్మ, అంటే బోల్ట్, దాని బరువు మీదే పనిచేసేలా సులువు చేశారు. కాకింగ్ నాబ్ (కాల్చే ముందు బోల్ట్‌ను వెనక్కి లాగే పిడి) పైనుంచి కుడి పక్కకు వచ్చింది. డ్రమ్ మ్యాగజైన్ ఇందులో పట్టదు. సినిమాల్లో చూసిన గుండ్రటి డ్రమ్ కోసమే థాంప్సన్ కొనాలనుకునేవాళ్లు ఎం1ఏ1 జోలికి పోకండి. 20, 30 తూటాల పొడుగు మ్యాగజైన్‌లతో సరిపెట్టుకోగలిగితే మాత్రం రోజూ కాల్చుకోవడానికి నాకు నచ్చేది ఇదే. విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం 1928 కంటే చాలా తేలిక.

నాలుగోది 1970లు, 80లలో న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ హర్లీలో తయారైనది. లోపలి భాగాల నాణ్యత ఒకే తీరుగా ఉండదని వీటికి పేరుంది. కొన్నవాళ్లు మంచి గన్‌స్మిత్‌కు చూపించి, బోల్ట్ లాంటివి పాత సైనిక భాగాలతో మార్పించుకోవడం మామూలే. చరిత్ర విలువ తక్కువ కాబట్టి మార్చినా మనసు బాధపడదు. థాంప్సన్ ఆకారం కావాలి, డ్రమ్ పెట్టాలి, నిలువు పిడి బిగించాలి, వారం వారం కాల్చాలి అనుకునేవాడికి కోల్ట్ కంటే వెస్ట్ హర్లీయే సరైనది. ధరలో తేడా కూడా ఆకాశానికీ భూమికీ ఉంటుంది.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. థాంప్సన్ బరువు. ఖాళీదే నాలుగున్నర కిలోల పైమాటే. 50 తూటాల డ్రమ్ నింపి పెడితే పది నిమిషాల్లో భుజం పట్టేస్తుంది. ఆ బరువు వల్లే .45 తూటాలు వరసగా పేలినా గురి తప్పదు, అది వేరే విషయం. .45 తూటా 9 ఎంఎం కంటే ఖరీదు కూడా.

ఎంపీ40: ముట్టుకుంటే విలువ పోయేది

జర్మన్ ఎంపీ40 నిమిషానికి సుమారు 500 చొప్పున, తొందర లేకుండా పేలుతుంది. మొదటిసారి పట్టుకున్నవాడు కూడా రెండేసి, మూడేసి తూటాలు లెక్కపెట్టి వదలగలడు. కాల్చడానికి ఇంత హాయిగా ఉండే యుద్ధకాలపు తుపాకీ మరొకటి నాకు తెలియదు.

ఇక్కడ తేల్చుకోవలసింది అసలుదా, ట్యూబా అన్నది. అసలుదంటే యుద్ధం నుంచి సైనికులు తెచ్చి, 1968 అవకాశంలోనో అంతకుముందో నమోదు చేయించినది. ట్యూబ్ అంటే 1986కు ముందు అమెరికాలోనే తయారైన కొత్త రిసీవర్‌కు జర్మన్ భాగాలు బిగించినది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ధరలో మాత్రం బాగా తేడా.

అసలుది అంటూ చూపిస్తే ముందు గుర్తులు చూడండి. తయారీ కోడ్‌లు చిన్న అక్షరాల్లో ఉంటాయి: ఎర్మాకు ఏవైఎఫ్, హేనెల్‌కు ఎఫ్ఎక్స్ఓ, స్టేయర్‌కు బీఎన్‌జడ్. రిసీవర్ మీద పూర్తి నంబరు, చిన్న భాగాల మీద దాని చివరి అంకెలు. అన్నీ కలిస్తే ధర పెరుగుతుంది. బేకలైట్ పిడి పగిలి ఉంటే దాన్ని మార్చాలనే ఆత్రం వద్దు. విరిగిన అసలు ముక్క, మెరిసే నకలు ముక్క కంటే విలువైనది. రీబ్లూయింగ్ చేయించిన ఎంపీ40ని సేకర్తలు చూడగానే పక్కన పెట్టేస్తారు.

ఊజీ, మ్యాక్, స్టెన్: చేతులు దురద పెట్టేవాళ్లకు

ఊజీ అంటే 1981 మార్చి 30న అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు రక్షణాధికారి బ్రీఫ్‌కేసులోంచి తీసిన తుపాకీ. అమెరికాలో దొరికే ట్రాన్స్‌ఫరబుల్ ఊజీల్లో ఎక్కువ భాగం 1980లలో నమోదైనవే. వీటిలో రెండు జాతులు: నంబరు రిసీవర్‌కు నమోదైనవి, బోల్ట్‌కు నమోదైనవి. నా సలహా రిసీవర్‌కు నమోదైనదే. కాగితం అరిగిపోయే భాగానికి అంటుకుని ఉండటం రాత్రి నిద్ర పట్టనిచ్చే సంగతి కాదు. మిగతా విషయాల్లో ఊజీ మొండి ఘటం. నిమిషానికి 600, విడిభాగాలు సులభంగా దొరుకుతాయి, బ్యారెల్ ఒక నట్ విప్పి మార్చుకోవచ్చు, .22కూ .45కూ మారే సెట్లు ఉన్నాయి. .22 సెట్ ఒకటి కొనుక్కుంటే తూటాల ఖర్చు బాగా దిగుతుంది. కొత్తవాళ్లకు ఒకటే తుపాకీ చెప్పమంటే నేను ఊజీయే చెబుతాను.

మ్యాక్ గోల వేరు. గోర్డన్ ఇంగ్రామ్ డిజైన్, జార్జియాలోని పౌడర్ స్ప్రింగ్స్‌లో మొదలై, కంపెనీ దివాలా తీశాక ఆర్‌పీబీ, ఆ తర్వాత ఎస్‌డబ్ల్యూడీ అనే కంపెనీల చేతుల్లోకి వెళ్లింది. ట్రాన్స్‌ఫరబుల్ సబ్‌మెషీన్ గన్‌లలో చవకైనది సాధారణంగా ఇదే, ముఖ్యంగా దాని 9 ఎంఎం రకం ఎం11/9. ఉన్నదున్నట్టు కాలిస్తే నిమిషానికి వెయ్యికి పైనే. 32 తూటాల మ్యాగజైన్ రెండు సెకన్లలో ఖాళీ, తీగ స్టాక్ చెంపకు గుచ్చుకుంటుంది, తూటాలు ఎటు పోయాయో పైవాడికే తెలియాలి. మరి దీన్ని ఎందుకు కొంటారు? పైభాగం మార్చుకోవడానికి. నమోదు కింది రిసీవర్‌కు కాబట్టి, పైన లేజ్ కంపెనీ లాంటివాళ్లు చేసిన అప్పర్ బిగిస్తే వేగం దాదాపు సగానికి దిగుతుంది, చేతికి గ్రిప్, భుజానికి సరైన స్టాక్, పైన రెడ్ డాట్ వస్తాయి. మెషీన్ గన్‌గా నమోదైనదానికి బ్యారెల్ పొడవు, స్టాక్ విషయంలో మళ్లీ వేరే నమోదు అక్కర్లేదు. సైలెన్సర్‌కు మాత్రం విడిగా నమోదు కావాల్సిందే. కస్టమైజ్ చేయడమే మీ సరదా అయితే మ్యాక్‌ను మించింది లేదు. పాత అప్పర్‌ను మాత్రం నూనె రాసి పెట్టెలో దాచండి, తుపాకీ మీద పౌడర్ స్ప్రింగ్స్ ముద్ర ఉంటే మరీను.

బ్రిటిష్ స్టెన్ ట్యూబ్ తుపాకులు కూడా మ్యాక్ ధరకు దగ్గర్లోనే దొరుకుతాయి. మ్యాగజైన్ ఎడమ పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది, అందం గురించి మాట్లాడకపోవడమే మంచిది. భాగాలు చవక, యుద్ధకాలపు రూపం ఉంది, ట్యూబ్ కాబట్టి పోయే చరిత్రా లేదు. ఎంపీ40 మీద ఆశ ఉండి జేబు సహకరించనివాళ్లు దీన్ని ఒకసారి చూడండి.

మార్చేటప్పుడు

స్క్రూతో బిగించి, స్క్రూతోనే తీయగలిగినవి ఏ తుపాకీకైనా పెట్టుకోవచ్చు, అసలు భాగం పారేయకుండా ఉంటే చాలు. 1928ఏ1కు అడ్డపు కట్టె తీసి నిలువు పిడి పెట్టడం ఈ కోవలోదే. స్ప్రింగులు, బఫర్ (బోల్ట్ దెబ్బను ఆపే మెత్త) లాంటి అరిగే వస్తువులు ఎప్పటికప్పుడు మార్చాలి. నీరసించిన స్ప్రింగుతో కాల్చితే బోల్ట్ వెనక్కి వెళ్లి రిసీవర్‌ను మోదుతుంది. రిసీవర్ పోతే ఆ నంబరును కొత్తదానికి ఎక్కించే వీలు లేదు.

డ్రిల్లింగ్, వెల్డింగ్, పాలిషింగ్ మాత్రం కోల్ట్‌కూ అసలు ఎంపీ40కీ వద్దే వద్దు. 1921ఏకి కంపెన్సేటర్ తగిలించి ఏసీ చేద్దామన్న బుద్ధి పుడితే, వేరే బ్యారెల్ కొనుక్కుని అసలు బ్యారెల్ దాచండి. ఇంకా మంచిది, ఆ డబ్బుతో డ్రమ్ కొనుక్కోండి. నంబరున్న చోట బఫింగ్ చేస్తే అంకెలు పలచబడతాయి. నంబరు చెరిగిన తుపాకీ దగ్గరుండటమే నేరం. మరమ్మతుకు లైసెన్స్ ఉన్న, మెషీన్ గన్‌లు చూసిన అనుభవం ఉన్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి.

మార్పుల వల్ల మరో నష్టం కూడా ఉంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న తుపాకీకి సేకరణ వస్తువు హోదా ఉంటుంది. మూడేళ్లకు 30 డాలర్లు కట్టి సేకర్తల లైసెన్స్ తీసుకుంటే, అలాంటిదాన్ని వేరే రాష్ట్రంలోని అమ్మకందారు నుంచి నేరుగా మీ పేరుకు మార్పించుకోవచ్చు. లేకపోతే ముందు మీ రాష్ట్రంలోని డీలర్‌కు, అక్కడి నుంచి మీకు, రెండుసార్లు కాగితాలు నడవాలి. రూపం మార్చేస్తే ఆ హోదా గురించి ప్రశ్నలు మొదలవుతాయి, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు బేరమాడతాడు.

అంత డబ్బు పెట్టలేకపోతే

సెమీ ఆటోమేటిక్ నకళ్లు ఉన్నాయి. 1999లో ఆటో ఆర్డ్‌నెన్స్‌ను కొన్న కార్ ఆర్మ్స్ (Kahr Arms) అనే తుపాకుల కంపెనీ అమ్మే 1927ఏ-1 వాటిలో ఒకటి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే. 16 అంగుళాలకు పైబడిన బ్యారెల్ వల్ల రూపం కాస్త సాగినట్టుంటుంది, స్ప్రింగ్ గట్టిగా ఉండి కాక్ చేయడానికి బలం కావాలి, బరువు దాదాపు 6 కిలోలు. పొట్టి బ్యారెల్ రకం కావాలంటే ఏటీఎఫ్ దగ్గర నమోదు తప్పదు గానీ, 2026 జనవరి 1 నుంచి పొట్టి రైఫిళ్ల మీద ఆ 200 డాలర్ల పన్ను సున్నా అయింది. మెషీన్ గన్‌కు మాత్రం 200 అలాగే ఉంది. ఎంపీ40 రూపంలో జర్మనీకి చెందిన జీఎస్‌జీ కంపెనీ పిస్టల్ కూడా ఉంది. వీటిని ఎవరైనా ఫుల్ ఆటో చేసి పెడతామంటే ఆ మనిషితో మాట్లాడటమే మానేయండి. నమోదు లేని మెషీన్ గన్‌కు ఫెడరల్ జైలు పదేళ్ల దాకా.

గోడకు పెట్టుకోవడానికైతే స్పెయిన్‌లోని డెనిక్స్ లోహంతో చేసే పేలని నమూనాలు చాలు. ఉమారెక్స్ లెజెండ్స్ వరుసలో ఎంపీ40, ఎం1ఏ1 రూపాల్లో గ్యాస్‌తో బీబీ గుండ్లు వదిలేవి వస్తాయి. బోల్ట్ ముందుకూ వెనక్కీ కదులుతుంది కూడా. రాష్ట్రాన్ని బట్టి వీటి మీదా నియమాలుండవచ్చు. నిజం చెప్పాలంటే, ఫుల్ ఆటో ఆశ ఉన్న చాలామందికి, అర్హత ఉంటే, రేంజ్‌లో అద్దెకు తీసుకుని రెండు మ్యాగజైన్‌లు కాల్చాక ఆ ఆశ తీరిపోతుంది.

డబ్బు కట్టే ముందు

అమ్మేవాడి పేరు మీద ఆమోదమైన ఫారం కాపీ అడగండి, మొహమాటపడొద్దు. అందులోని తయారీదారు, మోడల్, క్యాలిబర్, నంబరు అన్నీ తుపాకీ మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. థాంప్సన్‌లో పైన రిసీవర్ మీదా, కింద ట్రిగ్గర్ ఫ్రేమ్ మీదా నంబర్లుంటాయి. సైన్యంలో మరమ్మతుల్లో కలిసిపోయినవి చాలా ఉన్నాయి కాబట్టి తేడా ఉంటే మోసమని కాదు, ధర తగ్గించమని అర్థం. తాతగారి అటకమీద దొరికింది, కాగితాలు లేవు అని ఎవరైనా చవకగా ఇస్తానంటే అటువైపు చూడకండి. దాన్ని ఇప్పుడు మీ పేరున నమోదు చేయించడం ఎవరి తరమూ కాదు.

మీ తరఫున వేలిముద్రలు, ఫొటో, పేరు మార్పిడి దరఖాస్తు అయిన ఫారం 4, 200 డాలర్లు ఏటీఎఫ్‌కి వెళతాయి. ఆమోదం వచ్చేదాకా తుపాకీ డీలర్ దగ్గరే ఉంటుంది. ఈలోగా డబ్బు మొత్తం ముందే కట్టేస్తే, దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఎంత తిరిగిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మీ తర్వాత అది ఎవరికి చెందాలో వీలునామాలోనో ట్రస్టులోనో రాసి పెట్టండి. వారసులకు ఫారం 5 మీద పన్ను లేకుండానే మారుతుంది, కానీ ఆ కాగితం సేఫ్‌లో ఏ అరలో ఉందో వాళ్లకు తెలిసి ఉండాలి.